సునామీ హెచ్చరిక వస్తే డయాలసిస్ రోగి ఏం చేయాలి?

2004 డిసెంబరు 26, ఆదివారం. క్రిస్మస్ మరునాడు. ఉదయం ఆరున్నర వేళ ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడ పుట్టిన అలలు మన ఆంధ్ర తీరాన్ని తాకడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. కర్ర పట్టుకుని నడిచే ముసలమ్మ కూడా బారువ ఒడ్డు నుంచి దూరంగా వెళ్లిపోగల సమయమది. కానీ చెప్పేవారు లేరు. పండుగకు వేళాంగణి వెళ్లిన యాత్రికులు వందలమంది, మన రాష్ట్రంలో నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. భూకంపం ఫలానా రోజు వస్తుందని ఎవరూ ముందుగా చెప్పలేరు. అలా ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే భూకంపపు ప్రకంపనలు నేలలో సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో వస్తాయి. సునామీ అల లోతు సముద్రంలో గంటకు 700, 800 కిలోమీటర్ల వేగంతో వచ్చినా వాటికంటే చాలా వెనకే ఉంటుంది. ఆ తేడాయే మనకు దొరికే సమయం. భూకంపం ఎక్కడ, ఎంత తీవ్రతతో వచ్చిందో ఆ కేంద్రం సుమారు పది నిమిషాల్లో లెక్కగడుతుంది. అల నిజంగా పుట్టిందా లేదా అన్నది సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలూ, రేవుల్లో నీటిమట్టం కొలిచే గేజీలూ చెబుతాయి.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హెచ్చరికలు వెళ్లాయి, పెద్ద అల మాత్రం రాలేదు. సముద్రం అడుగున నేల పైకి లేవకుండా పక్కకు జరిగినందువల్ల అలా జరిగింది. దాన్ని ఉత్తుత్తి హెచ్చరిక అనకండి. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని డాక్టరు చెబితే సంతోషిస్తాం గాని కోప్పడం కదా!

భూమి చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, పెద్ద హోరు వినిపించినా సెల్‌ఫోన్‌లో మెసేజి కోసం చూడకండి. చేపలు ఏరుకోవడానికి దిగకండి. రెండు మూడు కిలోమీటర్లు లోపలికి నడవండి, వీలుకాకపోతే గట్టి డాబా పై అంతస్తు ఎక్కండి. మొదటి అల వెళ్లిపోయిందని తిరిగి రావద్దు. తర్వాత వచ్చేవి ఇంకా పెద్దవి కావచ్చు. వేటలో లోతు నీటిలో ఉన్నవారు ఒడ్డుకు రాకుండా అక్కడే ఉండాలి.

ఇక మన ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. ఎందరో పలాస, సోంపేట, టెక్కలి కేంద్రాలకు వారానికి రెండు మూడుసార్లు వెళ్తున్నారు. డయాలసిస్ మిషన్‌కు కరెంటు కావాలి, శుద్ధమైన నీరు కావాలి, అక్కడికి చేరడానికి రోడ్డు కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ మూడింటినీ దెబ్బతీసింది. కొబ్బరి చెట్లూ కరెంటు స్తంభాలూ రోడ్లకు అడ్డంగా పడ్డాయి. తుఫానైతే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది కాబట్టి కేంద్రానికి వెళ్లి, "అమ్మా, నా వంతు ఒకరోజు ముందుకు జరపగలరా?" అని సిస్టరుగారిని అడగండి. సునామీకి అంత వ్యవధి ఉండదు. అందుకే సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వాన మొదలయ్యాక నోవహు ఓడ కట్టలేదు గదా.

తర్వాతి రోజుల్లో తిండి విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. పడిపోయిన చెట్ల కింద కొబ్బరి బోండాలు ఊరికే దొరుకుతాయి. మంచినీళ్లు దొరకనప్పుడు అవి అందరికీ అమృతమే, డయాలసిస్ రోగికి మాత్రం ప్రమాదం. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు, అది రక్తంలో పేరుకుని గుండెను ఆపేయవచ్చు. అరటిపండు, మన పలాస జీడిపప్పు కూడా అంతే. పంచిపెట్టే పులిహోర పొట్లాల్లో, ఊరగాయలో ఉప్పు ఎక్కువ. ఉప్పు తింటే దాహం, దాహానికి నీళ్లు, ఆ నీళ్లతో ఆయాసం. చప్పిడి అన్నం, కొంచెం పంచదార, డాక్టరు చెప్పినంత నీరు, ఇంతే. ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది, అడగకుండా తాగవద్దు. ఒళ్లునొప్పులకు షాపులో మాత్రలు కొని మింగకండి. ఫిస్టులా ఉన్న చేతికి ఇంజెక్షను గాని, బీపీ పట్టీ గాని వేయనివ్వకండి. ఆయాసం, కాళ్ల నీరసం, గుండె దడ వస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

సరిహద్దు దాటితే ఒడిశాలోని గంజాం జిల్లాలో వెంకటరాయపురం అనే జాలరి గ్రామం ఉంది. ఎటు పరుగెత్తాలో, ముసలివారిని ఎవరు మోయాలో ముందే సాధన చేసినందుకు 2020లో యునెస్కో దానికి సునామీకి సిద్ధమైన గ్రామంగా గుర్తింపు ఇచ్చింది. మన దేశంలో మొదట ఆ గుర్తింపు పొందిన రెండు ఊళ్లలో అదొకటి. మన సంఘాల్లో యువకులు ఆరాధన అయ్యాక ఒక పూట కూర్చుంటే, ఏ ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారో, ఎవరు తోడు వెళ్లాలో రాసుకోవచ్చు.

సంచిలో వారానికి సరిపడా మందులు, మందుల చీటీ, టార్చిలైటు, డయాలసిస్ పుస్తకం, కామెర్ల వైరస్, హెచ్ఐవి పరీక్షల రిపోర్టులు పాలిథిన్ కవరులో పెట్టండి. రిపోర్టులు లేకపోతే కొత్త కేంద్రంలో మిమ్మల్ని ఏ మిషన్ మీద పెట్టాలో తేల్చుకోలేరు. ఈసారి డయాలసిస్‌కు వెళ్లినప్పుడే వాటిని జిరాక్సు తీయించుకోండి.