టైల్స్ కంటే ముందు గోడ

గృహ రుణాల విభాగంలో ఉన్నందువల్ల ఇంటి మరమ్మతుల ఎస్టిమేట్లు నా టేబుల్ మీదికి తరచూ వస్తుంటాయి. టైల్ రకం, ధర, చదరపు అడుగులు అన్నీ ఉంటాయి. ఆ టైల్‌ను మోయాల్సిన గోడ గురించి మాత్రం చాలావాటిలో ఒక్క ముక్కా ఉండదు. ఈ మధ్య మా అత్తగారి స్నానాలగది బాగు చేయించినప్పుడు మేస్త్రితో ముందు గోడ సంగతే మాట్లాడాను. ఆ క్రమం మీకూ పనికొస్తుంది.

ముందు పరీక్ష. 6 అడుగుల అల్యూమినియం పట్టీని గోడకు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించండి. పట్టీ వెనక సందు కనిపిస్తే గుంత. పట్టీ ఊగితే ఉబ్బు. గోడ ఒరిగిందేమో తూకం గుండు చెబుతుంది. నాణెంతో తట్టుతూ వెళ్లండి. గుల్ల శబ్దం వచ్చిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. దీనికి ఇంజనీరు అక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా చేయొచ్చు.

తర్వాత తొలగింపు. గుల్ల ప్లాస్టర్‌ను ఇటుక కనిపించేదాకా కొట్టించాలి. సున్నం, పెయింట్, పుట్టీ మీద టైల్ నిలవదు. అవి గీకించి, ఉలితో గాట్లు పెట్టించాలి. చెమ్మ ఉంటే, పైపు లీకేజీ ఆపకుండా ముందుకు వెళ్లొద్దు.

ఇక సమం చేయడం. దుమ్ము దులిపి, గోడ తడిపి, 1:4 పాళ్లలో సిమెంటు, ఇసుక కలిపి పూయాలి. ఒక్కో పూత 15 మిల్లీమీటర్లు దాటకూడదు. గుంత లోతైతే రెండు పూతలు వేయాలి. మొదటిదాని మీద గీతలు గీస్తేనే రెండోది పట్టుకుంటుంది. మందంగా ఒకేసారి వేస్తే జారుతుంది, పగులుతుంది. పైపూతను నున్నగా చేయకుండా గరుకుగా వదలాలి. కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. స్నానాలగదిలో వాటర్‌ప్రూఫింగ్ పూత ఆ తర్వాతే.

ఇదంతా తప్పించుకోవడానికి కొందరు టైల్ వెనక సిమెంటు ముద్దలు ఎక్కువ తక్కువగా పెట్టి పైకి సమంగా కనిపించేలా చేస్తారు. ముద్ద లేనిచోట ఖాళీ మిగులుతుంది. పెద్దవాళ్లు పట్టుకునే హ్యాండిల్ కోసం అక్కడ డ్రిల్ చేస్తే టైల్ పగలొచ్చు. టైల్ అంటించే గమ్ కూడా గుంతలు పూడ్చడానికి కాదు. అది సాధారణంగా 3 నుంచి 6 మిల్లీమీటర్ల మందంలో వాడేది.

అందుకే ఎస్టిమేట్‌లో ‘గోడ సిద్ధం చేయడం’ అని వేరే లైను రాయించండి, దానికి వేరే కూలీ ఒప్పుకోండి. మేము రుణం విడతలవారీగా ఇచ్చినట్టే, పట్టీ ఆనించి చూశాకే ఆ విడత డబ్బు ఇవ్వండి. టైల్ అంటించాక వెనక ఏముందో చూడాలంటే పగలగొట్టడం ఒక్కటే దారి.