పాత పడవ డెక్ లోపల తడి ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

ఇవాళ్టి విషయం మన కార్యక్రమానికి కాస్త కొత్త. పాత ఫైబర్ గ్లాస్ సెయిల్ బోట్ కొనేముందు దాని డెక్‌ని, అంటే మనం నిలబడి నడిచే పైభాగాన్ని, ఎలా పరీక్షించాలో చెప్పుకుందాం.

"మనవాళ్ళలో పడవలు కొనేవాళ్ళెవరండీ?" అని మీరు అడగొచ్చు. జాన్సన్‌విల్ నించి ఇటు కొండ దిగితే వెల్లింగ్టన్ హార్బర్, అటు ఉత్తరానికి వెళితే పోరిరువా దాటగానే మానా మెరీనా. వారాంతంలో ఆ తెరచాపలు చూస్తూ ఉంటే పిల్లలు ఊరుకోరు. పైగా 1970లలో, 80లలో తయారైన పడవలు ఒక మాదిరి సెకండ్ హ్యాండ్ కారు ధరకే దొరుకుతుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది. పడవ చవకే కానీ, డెక్ లోపల కుళ్ళితే దాన్ని బాగుచేయించే ఖర్చు పడవ ధరని మించిపోవచ్చు.

ఈ దేశంలో ఇల్లు కొన్నవాళ్ళకి "లీకీ హోమ్" అన్న మాట కొత్త కాదు. గోడ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. లోపలికి దిగిన నీటికి బయటికొచ్చే దారి ఉండదు, మందు పట్టించని కలప లోపల్లోపలే కుళ్ళుతుంది. 2002లో వచ్చిన హన్ రిపోర్ట్ ఈ సంగతిని దేశం ముందు పెట్టింది. 2009లో ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ వేసిన అంచనా ప్రకారం అలాంటి ఇళ్ళు సుమారు 42,000, నష్టం 11.3 బిలియన్ డాలర్లు. పాత పడవ డెక్‌కి పట్టే జబ్బూ సరిగ్గా ఇలాంటిదే.

డెక్ అంతా గట్టి ఫైబర్ గ్లాస్ అనుకుంటాం కానీ, చాలా పడవల్లో అది శాండ్‌విచ్. పైనొక ఫైబర్ గ్లాస్ పొర, కిందొక పొర, మధ్యలో తేలికైన చెక్క. ఆ చెక్క ఎక్కువగా బాల్సా, కొన్నిటిలో ప్లైవుడ్, కొన్నిటిలో చెక్కకి బదులు ఫోమ్. ఇలా కడితే బరువు తగ్గుతుంది, బిగువు పెరుగుతుంది. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. భారత నౌకాదళం వారి తారిణి పడవ ఒళ్ళు కూడా చెక్కని మధ్యలో పెట్టి ఫైబర్ గ్లాస్‌తో కట్టిన శాండ్‌విచ్చే. 2017-18లో ఆరుగురు మహిళా అధికారులు దాని మీదే ప్రపంచాన్ని చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నం నించి పి. స్వాతి, హైదరాబాద్ నించి బి. ఐశ్వర్య ఉన్నారు. దారిలో మన న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ రేవులో ఆగారు కూడా.

మరి నీళ్ళు ఎక్కడినించి దిగుతాయి? డెక్‌కి వేసిన ప్రతి బోల్టు రంధ్రమూ ఒక దారే. రెయిలింగ్ కడ్డీల మొదళ్ళు, తాళ్ళు కట్టే క్లీట్లు, వించ్‌లు, హాచ్ అంచులు, స్తంభాన్ని నిలబెట్టే ఉక్కుతీగలు డెక్‌ని కలిసే చోట్లు, ఇవన్నీ అనుమానించాల్సినవే. వీటి చుట్టూ పెట్టిన సీలెంట్ ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పగులుతుంది. చుక్క చుక్కగా దిగిన నీరు మధ్యనున్న చెక్కకి చేరుతుంది. బాల్సా ముక్కల్ని నిలువుగా పేరుస్తారు కాబట్టి అందులో తడి పక్కలకి నెమ్మదిగా పాకుతుంది. ప్లైవుడ్‌లో పొరల వెంట దూరం పోగలదు. ఫోమ్ కుళ్ళదు గానీ, దానికీ పొరకీ మధ్య పట్టు ఊడిపోవచ్చు.

ఇప్పుడు పరీక్షలకి వద్దాం. వీటిని నాలుగు మెట్లు అనుకోండి.

మొదటిది కళ్ళూ కాళ్ళూ. డెక్ మీద మెల్లగా నడవండి. ఎక్కడైనా మెత్తగా దిగినట్టుందా? కడ్డీల మొదళ్ళ దగ్గర సాలెగూడులాంటి పగుళ్ళు ఉన్నాయా? తర్వాత క్యాబిన్‌లోకి వెళ్ళి, అదే చోటు కిందనించి చూడండి. బోల్టుల చుట్టూ గోధుమరంగు చారలు కనిపిస్తే లోపల తడి ఉందని గట్టిగా అనుమానించాలి.

రెండోది చెవి. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. చిన్న ప్లాస్టిక్ సుత్తితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. బాగున్నచోట 'టక్' మని స్పష్టంగా పలుకుతుంది. పాడైనచోట 'డబ్' మని మూగగా ఉంటుంది. అయితే కింద అడ్డగోడ ఉన్నా, అక్కడ శాండ్‌విచ్ లేకుండా గట్టి ఫైబర్ గ్లాసే ఉన్నా శబ్దం మారుతుంది. కాబట్టి కింద ఏముందో చూశాకే ఒక మాట అనుకోవాలి. అనుమానం వచ్చిన చోటల్లా మాస్కింగ్ టేప్ అతికించండి. ఆ మచ్చ ఎంత మేర ఉందో దానంతటదే తెలుస్తుంది.

మూడోది మాయిశ్చర్ మీటర్. సూదులు గుచ్చేది కాదు, ఉపరితలం మీద ఆనించేది వాడాలి. డెక్‌ని మంచినీళ్ళతో కడిగి ఉప్పు వదిలించి, బాగా ఆరాక చూడాలి. వెల్లింగ్టన్ వానలు మీకు తెలిసినవే కనుక రెండు రోజులు పొడిగా ఉన్న సమయం చూసుకోండి. ముందు పొడిగా ఉందని నమ్మకమున్న చోట కొలిచి, మిగతావి దాంతో పోల్చండి. ఆ అంకె చెక్కలో ఇంత శాతం నీరుందని చెప్పదు. ఇక్కడికంటే అక్కడ ఎక్కువ అని మాత్రమే చెబుతుంది. కింద లోహపు పళ్ళెం ఉన్నా, నీళ్ళ ట్యాంకు ఆనుకుని ఉన్నా ముల్లు ఊరికే పైకి పోతుంది. మీటర్ ఒక్కటే చూసి పడవ వద్దనకండి, ఒక్కటే చూసి కొననూ వద్దు.

నాలుగోది చిన్న రంధ్రం. యజమాని ఒప్పుకుంటేనే సుమా! అనుమానమున్న చోట, క్యాబిన్ లోపలినించి, 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో చేయాలి. పైపొర దాకా పోకుండా బిట్‌కి టేప్ చుట్టి గుర్తు పెట్టుకోండి. వచ్చిన పొట్టు లేతరంగులో పొడిగా ఉంటే క్షేమం. లేతగానే ఉండి తడిగా ఉంటే నీరు చేరింది గానీ ఆ చెక్క ఇంకా కుళ్ళలేదు. నల్లగా, ముద్దగా, వాసన వేస్తూ వస్తే కుళ్ళిందన్నమాటే. తర్వాత ఆ రంధ్రాన్ని ఎపాక్సీతో మూసేయాలి.

ఒక బోల్టు చుట్టూ బెత్తెడంత మేర తడి ఉంటే భయపడనక్కర్లేదు. చుట్టూ ఉన్న చెక్కని తవ్వి తీసి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ ఖాళీని చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో కొత్త రంధ్రం వేస్తారు. ఇక ఆ బోల్టు చెక్కని తాకదు. కానీ డెక్‌లో పెద్ద భాగం పాడైతే ఒక వైపు పొర కోసి, చెక్కంతా మార్చి, మళ్ళీ అతికించాలి. అందులో కూలీయే ఎక్కువ. "రంధ్రాలు చేసి ఎపాక్సీ ఎక్కించేశామండీ, ఇక చింత లేదు" అని అమ్మేవారంటే, ముందు చెక్కని ఎలా ఆరబెట్టారో అడగండి. తడి చెక్కలో ఎపాక్సీ సరిగ్గా పట్టదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. గాలికి పడవ ఒరిగినప్పుడు మీ పాప పట్టుకునేది ఆ రెయిలింగ్ కడ్డీనే. దాని మొదట్లో చెక్క కుళ్ళితే బోల్టు ఎంత మంచిదైనా ఊడి రావచ్చు. అందుకే కడ్డీల మొదళ్ళని అన్నిటికంటే ముందు చూడండి. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఊపండి, మొదలు కదులుతోందేమో గమనించండి.

ఈ పరీక్షలు ఏ పడవని వదిలేయాలో మీరే తేల్చుకోవడానికి. నచ్చిన పడవ వీటిలో నెగ్గితే, డబ్బు చేతులు మారకముందే అర్హత ఉన్న మెరైన్ సర్వేయర్‌తో చూపించి, రిపోర్ట్ రాయించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పాత పడవకి అదే అడగవచ్చు. ఆ రిపోర్ట్‌లో ఉన్న లోపాలే బేరంలో మీకు ఆధారం.

ఈ వారానికి ఇంతే. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.