చిన్న కీబోర్డులో 'ఒ' ఎక్కడ?

విశాఖపట్నంలోని 'దొండపర్తి' పేరును చిన్న కీబోర్డుపై టైపు చేయబోయిన విద్యార్థికి మొదటి అక్షరముననే చిక్కు కలుగవచ్చును. కారణమేమి?

పూర్తి కీబోర్డులో సాధారణముగా 104 మీటలుండును. 'అరవై శాతపు' కీబోర్డులో సుమారు 61 మాత్రమే. అంకెల గుంపు, బాణపు మీటలు, ఎఫ్ వరుస అందులో ఉండవు. ఎఫ్ వరుస పోగా నిలువ నీడలేని ఎస్కేప్ మీట, తరచుగా 1 అంకెకు ఎడమనున్న చోటికి వచ్చి చేరును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు 'ఒ', దాని గుణింతపు గుర్తు ఉండునది సరిగా అచ్చటనే! ఇక వానికై మరియొక మీటను కూడ కలిపి నొక్కవలెను.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకు వేరుగా స్ప్రింగు కలదు. సాధారణముగా మీట 4 మి.మీ. దిగును, కాని సుమారు 2 మి.మీ. వద్దనే అక్షరము పడును. ఆటకు వేగము, వేళ్లకు సుఖము ఇందుచేతనే.

కనుక ఆటకు, తెలుగు టైపునకు కూడ కావలెనన్నచో ఎఫ్ వరుస ఉన్న సుమారు 84 మీటల కీబోర్డు మేలు. కొనుటకు ముందు ఎడమ పైమూలను చూడుడు.