కన్ను చిన్నదైపోతే...

నూర్పిళ్లప్పుడు కంట్లో వడ్లగింజ పడుతుంది. 'అదే తగ్గుతుందిలే' అని ఇంట్లోవాళ్లు ఆకుపసరో, చనుబాలో పోస్తారు. నాలుగు రోజులు తిరిగేసరికి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, అది ముదిరితే చూపు పోతుంది. కొన్ని నెలలకో, ఏళ్లకో ఆ కన్ను కుంచించుకుపోయి లోపలికి దిగిపోయినట్టు కనిపిస్తుంది. దీన్నే డాక్టర్లు 'థైసిస్ బల్బై' అంటారు.

ఎందుకిలా?

మన కంటి లోపల ఎప్పుడూ ఓ ద్రవం ఊరుతుంటుంది. గుడ్డు గుండ్రంగా, బిగువుగా నిలిచేది దానివల్లే. దెబ్బ తగిలో, చీము పట్టో ఆ ద్రవం తయారయ్యే భాగం పాడైతే గుడ్డు మెత్తబడి ముడుచుకుపోతుంది. పెద్దవాళ్ల కనుగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఇలాంటి కంట్లో అది 20 కన్నా తగ్గిపోవచ్చు. రెటీనా ఊడిపోయి బాగుపడకపోయినా, కంటి లోపలి వాపు ఏళ్ల తరబడి తగ్గకపోయినా ఇలా కావచ్చు.

చూపు రాదు, రూపం వస్తుంది

పోయిన చూపు మళ్లీ రాదు. చుక్కల మందుతో తెప్పిస్తామనేవాళ్లను నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. కానీ 'ఆడపిల్ల, పెళ్లెలా అవుతుంది' అని కుమిలిపోనక్కర్లేదు. నొప్పి లేని కన్నయితే చాలామందికి గుడ్డు తీయకుండానే పైన పల్చటి అక్రిలిక్ తొడుగు అమరుస్తారు. కొలత తీసుకుని, రెండో కంటి రంగుకు సరిపోయేలా, తెల్లగుడ్డు మీది ఎర్రటి నరాలతో సహా తీర్చిదిద్దుతారు. లోపలి గుడ్డు కదిలితే అదీ కాస్త కదులుతుంది. నొప్పి వదలకపోతే మాత్రం ఆపరేషన్ చేసి ఆ తర్వాత కృత్రిమ కన్ను పెడతారు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ సదుపాయం ఉంది. పసిపిల్లలకైతే ఆలస్యం చేయకండి. గుడ్డు చిన్నగా ఉండిపోతే చుట్టూ ఉన్న ఎముక సరిగా ఎదగక ముఖం ఓ పక్క చిన్నదవుతుంది. లోపల గడ్డలాంటిదేమైనా ఉందేమో స్కానింగ్ కూడా చేయించాలి.

రెండో కన్ను భద్రం

మిగిలిన కంటికి పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టించండి. ఒక కంటికి లోతైన గాయమయ్యాక అరుదుగా మంచి కన్ను కూడా వాచే ప్రమాదం ఉంది. అది ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, మసకలు కమ్మినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఇవి మరవకండి

* కంట్లో పసర్లు, చనుబాలు పోయొద్దు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేయొద్దు.
* తాంబూలం సున్నం పిల్లలకు అందనివ్వొద్దు. కంట్లో పడితే వెంటనే కనీసం అరగంట మంచినీళ్లతో కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* దీపావళికి టపాకాయల దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు.
* పిల్లలకు తొమ్మిదో నెలలో మొదలుపెట్టి అయిదేళ్లదాకా విటమిన్ 'ఎ' మందు వేయించండి. మునగాకు, పాలకూర, బొప్పాయి పెట్టండి.

ఒక కంటితో చదువుకోవచ్చు, ఉద్యోగం చేయొచ్చు, ఇల్లూ నడపొచ్చు. ఆ పిల్లకు నల్లకళ్లద్దాలు తగిలించి నలుగురికీ కనబడకుండా దాచకండి. ముందు కంటి డాక్టరుకు చూపించండి.