భద్రత నీడలో విశ్వవిద్యాలయం

వర్తూరు నుంచి బెంగళూరు నగరంలోకి సాగే పాత విమానాశ్రయ రహదారి మారతహళ్లి దాటాక హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విమానాశ్రయం పక్కగా వెళ్తుంది. 2001 జనవరి 4న తేజస్ యుద్ధవిమానం తొలిసారి ఎగిరింది అక్కడి నుంచే. 1998 పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు విధించి, విమానాన్ని అదుపులో ఉంచే కంప్యూటర్ వ్యవస్థపై తమ దేశంలో పనిచేస్తున్న భారతీయ ఇంజనీర్లను వెనక్కి పంపేసినప్పుడు, మిగిలిన పనిని స్వదేశీ శాస్త్రజ్ఞులే ముగించగలిగారంటే, అందుకు పునాది ఏనాడో పడింది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న 1942లోనే బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ విమాన శాస్త్రానికి ప్రత్యేక విభాగం తెరిచింది. తేజస్ రూపకల్పనకు సారథి అయిన కోట హరినారాయణ ఆ సంస్థలో చదువుకున్నవారే.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం జీవితం విద్యాసంస్థకూ దేశరక్షణకూ ఉన్న ఈ సంబంధాన్ని మరింత స్పష్టం చేస్తుంది. భౌతిక శాస్త్రవేత్త సి.వి. రామన్ శిష్యుడైన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధిస్తూ, స్ఫటికాల్లోని పరమాణువుల అమరికకు ఉన్న సౌష్ఠవాన్ని, అంటే తిప్పినా మారని ఆకృతిని, లెక్కగట్టే గణితంపై కృషి చేశారు. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు ఆ విశ్వవిద్యాలయం ఉన్న విశాఖపై బాంబులు వేశాయి. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. తర్వాత ఉస్మానియాకు ఉపకులపతిగా, 1957 నుంచి విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉన్న ఆయనను 1961లో ప్రభుత్వం రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పిలిచింది. మరుసటి ఏడాదే చైనా యుద్ధం వచ్చింది. ఏ ఆయుధాన్నీ ఉద్దేశించని పరిశోధనలో, తరగతి గదిలో పదునెక్కిన మేధనే దేశం ఆపత్కాలంలో ఆశ్రయించింది.

రహస్యాలు ఉండవలసిన చోట ఉండాల్సిందే. కానీ ఒక ప్రయోగశాలకు వేయవలసిన తాళాన్ని ప్రాంగణమంతటికీ వేస్తే, రేపటి భగవంతం తయారయ్యే చోటే మూతపడుతుంది.

2005 డిసెంబరు 28న విజ్ఞాన సంస్థలోని టాటా ఆడిటోరియం వద్ద జరిగిన కాల్పుల్లో ఢిల్లీ ఐఐటీ గణితాచార్యుడు ఎం.సి. పూరి మరణించారు. అక్కడ జరుగుతున్నది ఆపరేషన్స్ రీసెర్చ్ సదస్సు. ఉన్న వనరులను ఎక్కడ, ఎంత వాడితే మేలో గణితంతో తేల్చే ఈ శాస్త్రం రెండో ప్రపంచయుద్ధంలోనే రూపుదిద్దుకుంది. ఆ కాల్పుల తర్వాత గేట్ల వద్ద తనిఖీలు పెరిగాయి, అది అవసరమే. అయితే ఏ పండితుణ్ని పిలవాలో, ఏ ప్రశ్నను చర్చకు పెట్టాలో నిర్ణయించవలసింది ఆచార్యులే. అలా స్వేచ్ఛగా ఆలోచించే పండితుల విలువకు ఆపరేషన్స్ రీసెర్చ్ చరిత్రే సాక్షి. ఆ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకరైన మాంచెస్టర్ ఆచార్యుడు బ్లాకెట్, నౌకలు పెద్ద గుంపులుగా సాగితే జలాంతర్గాముల వల్ల నష్టం తగ్గుతుందని లెక్క తేల్చి బ్రిటిష్ నౌకాదళానికి మేలు చేశారు. జర్మన్ నగరాలపై బాంబుదాడుల ఫలితాన్ని ప్రభుత్వం ఎన్నో రెట్లు ఎక్కువగా అంచనా వేస్తోందని 1942లో వాదించిందీ ఆయనే. అప్పుడు ఆ మాట చెల్లలేదు. యుద్ధానంతర సర్వే ఆయన పక్షానే నిలిచింది. స్వతంత్ర భారతంలో రక్షణ పరిశోధన ఎలా ఉండాలో నెహ్రూ సలహా కోరినవారిలో ఆయన ఒకరు.