ఊడబెరికిన పట్టాలు

గుంటూరునుండి కృష్ణా కెనాలునకు పోవు మార్గముప్రక్కనున్న పెదకాకాని వాసులకు రైలు కూత నిత్యము వినబడునదే. ఊరిలో స్టేషనున్నంతకాలము దాని విలువ తెలియదు, పోయిననాడే తెలియును. ఇందులకు గౌతమీతీరమందలి కోటిపల్లి చరిత్రయే సాక్ష్యము.

సోమేశ్వరస్వామి వెలసిన ఆ గ్రామమునకు కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామములమీదుగా సుమారు 45 కిలోమీటర్ల మార్గమును 1928లో వేసిరి. రేవు దాటి వచ్చు కోనసీమవారికి కాకినాడ త్రోవ సుగమమయ్యెను.

పండ్రెండేండ్లకే ఆ భాగ్యము ముగిసెను. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను సంప్రతింపకయే దేశమును యుద్ధమున దింపెను. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు ఆ యేడే రాజీనామా నిచ్చెను. చెన్నరాజధాని గవర్నరు పాలనకు లోబడెను. ప్రజాప్రతినిధుల నడుగనక్కరలేని ఆ స్థితిలో, 1940లో, యుద్ధావసరములకై కోటిపల్లి పట్టాలను ఊడబెరికి తరలించిరి.

అయినను పరప్రభుత్వమును నిందించి ఊరకుండుట న్యాయము కాదు. 1941లో పట్టాలు కోల్పోయిన మలబారునందలి షోరనూరు–నీలంబూరు మార్గమును 1954లో తిరిగి వేసిరి. 1942లో తీసివేసిన కాంగ్డాలోయ మార్గభాగమును ఆ యేడే పునరుద్ధరించిరి. కోటిపల్లికి మాత్రము బండి మరల వచ్చినది 2004లో! ఈ 64 ఏండ్లలో 57 ఏండ్లు మన స్వపరిపాలనలోనివే. ఈ ప్రాంతపు రైలుకొరకు పాటుపడిన లోక్‌సభాధ్యక్షులు బాలయోగిగారు 2002 మార్చిలో దుర్మరణము పాలై, ఆ బండిని కన్నులార చూడకయే పోయిరి.

వచ్చిన బండియైనను ఏపాటిది? ఒక్క పెట్టె రైలుబస్సు. మార్గము గోదావరి పాయలను దాటి నరసాపురము చేరిననేగాని దానికి సార్థకత లేదు. 2000–01లో మంజూరైన ఆ పని రెండు దశాబ్దములకును పూర్తికాలేదు.

కావున చిన్న స్టేషన్ల యోగ్యతను టిక్కెట్ల రాబడితో మాత్రమే తూచరాదని మేము చెప్పుచున్నాము. మూసివేయుటకు ఒక్క ఉత్తరువు చాలును. తెరచుటకు రెండు తరములు చాలకపోవచ్చును. మన ఊరి స్టేషనును ఉన్నప్పుడే కాపాడుకొనుట మన విధి. పోయిన పిమ్మట మహజరులు వ్రాసి ప్రయోజనమేమి?