కాలినడకన కైలాసద్వారం

సంక్రాంతి వెళ్ళిన నాటినుంచి మా ఇంటి పంచాంగంలో మాఘ బహుళ పక్షం పుట తెరచియే ఉన్నది. ఈ సంవత్సరం శివరాత్రికి నేను శ్రీశైలం నడచి వెళ్ళవలసి ఉన్నది. దోర్నాల మీదుగా బస్సెక్కి, ఘాటు మలుపులు లెక్కపెట్టుకొంటూ కొండమీద దిగడం కాదు. ఆత్మకూరు దాటి, వెంకటాపురం వద్ద అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను గడచి, కైలాసద్వారం ఎక్కి మల్లికార్జునుని చేరడం. అడవిలో నడక నలభై కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. చదునునేల మీద ఇది ఘనమైన దూరమేమీ కాదు. కాని నల్లమలను కిలోమీటర్లతో కొలిచినవాడు మోసపోతాడు. నిరుడు నేను మోసపోయినాను.

మొక్కు నాది కాదు, మా అమ్మది. నా తమ్మునికి చిన్నతనంలో పెద్ద జబ్బు చేసినప్పుడు, పిల్లవాడు లేచి తిరిగితే కాలినడకన నీ కొండకు వస్తానని ఆమె మల్లన్నకు మొక్కుకొన్నది. వాడు లేచి తిరిగినాడు. నేడు మనుమలను ఎత్తుకొని తిరుగుతున్నాడు. అమ్మకు మాత్రం ప్రతి ఏడూ ఏదో ఒక అడ్డు. ఒక ఏడు ఇంట్లో పురుడు, ఒక ఏడు కోతలు, తరువాత మోకాళ్ళు. మూడేళ్ళ క్రిందట కార్తీకంలో ఆమె వెళ్ళిపోయినది. చివరి రోజులలో ఆస్తిపాస్తుల మాట ఎత్తలేదు గాని, ఈ బాకీ మాట రెండు పర్యాయాలు ఎత్తినది.

నిరుడు నేను చేసిన ప్రయత్నం చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. బయలుదేరే ముందురోజు కొన్న కొత్త బూట్లు, ఎనిమిది కిలోల సంచి, దానిలో చదువుకొందామని రెండు పుస్తకాలు! ఎండ ఎక్కినాక అడవిలో ప్రవేశించినాను. నాగలూటి వీరభద్రుని గుడి చేరేసరికి మడమలు పొంగినవి. మరునాడు పెచ్చెరువు చేరేసరికి ఆ పొక్కులు చితికినవి. యాత్రికులకు నీళ్ళు తెచ్చిన ట్రాక్టరు ఒకటి ఖాళీ పీపాలతో పాటు నన్నుకూడా వెనుకకు తీసికొని పోయినది. అదే సమయంలో, చంకలో బిడ్డతో, వట్టి కాళ్ళతో ఒక ఇల్లాలు ముందుకు సాగిపోతున్నది. ఆమె వంక చూడలేక తల తిప్పుకొన్నాను.

కనుక ఈసారి నా సన్నాహం పాదాలతో ఆరంభమైనది. పుష్యమాసం నుంచి రోజూ తెల్లవారుజామున నడుస్తున్నాను; మొదట నాలుగు కిలోమీటర్లు, ఇప్పుడు పన్నెండు. వారానికి ఒకనాడు ఊరి గుట్ట మీది గుడికి ఎక్కి దిగడం. ఎక్కడంకంటె దిగడమే ముఖ్యమని నిరుడు తోడు నడచిన ఒక పెద్దాయన చెప్పినాడు. భీమునికొలను వద్ద దారి రాతిమెట్ల మీదుగా లోయలోకి దిగి, మళ్ళీ నిట్టనిలువుగా కైలాసద్వారానికి లేస్తుంది. దిగేటప్పుడు మోకాళ్ళు, ఎక్కేటప్పుడు గుండె లెక్క అడుగుతాయట. చెప్పులు రెండేళ్ళు తొడిగి అరిగినవే. సంచి బరువు మూడు కిలోలు దాటరాదని నియమం పెట్టుకొన్నాను: ఒక దుప్పటి, ఒక జత బట్టలు, అటుకులు, బెల్లం, నీళ్ళ సీసా, టార్చిలైటు, పొక్కులకు మందు.

టార్చిలైటు సంగతి కొంచెం చెప్పాలి. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. అడవి దారి జనంతో నిండే ఈ రెండు పండుగలూ అమావాస్యకు చెరొక పక్కన ఉన్నవి. అంటే, ఏ పండుగకు నడచినా చివరి రాత్రులలో వెన్నెల సాయం ఉండదు. చంద్రుడు తెల్లవారబోతూ సన్నని వంకగా కనిపిస్తే అదే భాగ్యం. పంచాంగం చూచి ముహూర్తం పెట్టుకొనేవారు కూడ ఈ చిన్న విషయం మరచి, చీకట్లో రాళ్ళను తన్నుకొంటారు.

ఋతువు సంగతి మరొకటి. శిశిరం తిరిగి వసంతం వచ్చే ఈ సంధిలో నల్లమల ఆకు రాల్చుకొంటుంది. మోదుగలు ఎర్రగా పూచి కంటికి పండుగే గాని, నీడ కావలసిన వేళకు కొమ్మలన్నీ బోడిగా ఉంటవి. వాగులు ఎండిపోతవి. పదిన్నరకే రాయి కాలుతుంది. అందుచేత తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే మజిలీ చేరి, చల్లబడినాక మరికొంత నడవాలని నా లెక్క. తొలి రాత్రి నాగలూటి, మలి రాత్రి పెచ్చెరువు, మూడవనాడు కైలాసద్వారం. శివరాత్రికి ఒకరోజు ముందే కొండ మీద ఉండాలి. ఆ అర్ధరాత్రి దీపాలు ఆర్పి, ఏడాది పొడుగునా రోజుకొక మూర చొప్పున నేసిన పాగాను గుడి శిఖరానికి చుట్టే వేళకు, అలసి ఏ సత్రంలోనో నిద్రపోతే ఇంత నడకా ఏమి కావాలి?

ఈ దారి పాతది. రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినాడు. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ కొండకు వచ్చి, కందనూరు నవాబు యాత్రికుల వద్ద పన్ను వసూలు చేయడాన్ని తన యాత్రా చరిత్రలో వ్రాసి పెట్టినాడు. ఆయన అడవిలోకి వాహకుల భుజాల మీద వచ్చినవాడు. మడమ పొక్కుల మాట ఆయనకు అక్కరలేకపోయినది.

సన్నాహమంటే కన్నడిగుల వద్ద నేర్చుకోవాలి. ఉగాదికి వారు బాగలకోట, బెళగావి, విజయపుర, రాయచూరు ప్రాంతాలనుంచి రోజుల తరబడి నడచి వస్తారు. మన అడవి దారి వారికి ప్రయాణంలో చివరి అంచె మాత్రమే. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా ఎంచి పసుపు కుంకుమలు, చీరె సారెలు తెస్తారు. కొందరు కర్రకాళ్ళ మీద నడుస్తారు. బియ్యం, వంటపాత్రలు బండి మీద ముందు పోతవి. వండేవారు వేరు, నడిచేవారు వేరు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కల్యాణం నుంచి చెన్నమల్లికార్జునుని వెదకుకొంటూ ఇటే వచ్చినది. ఆమెకు బండీ లేదు, తోడూ లేదు. ఒక దశలో నేనుకూడా ఉగాదికే వారితో కలిసి పోదామనుకొన్నాను. కాని శివరాత్రికీ ఉగాదికీ నడుమ నెలకు పైచిలుకు కాలం. ఆ నెలలో ఎండ ముదిరే తీరు తలచుకొని, నా వయస్సుకు శివరాత్రియే మేలనుకొన్నాను.

ఇది పులులు తిరిగే అభయారణ్యం. అటవీశాఖవారు ఈ దారిన నడవడానికి పండుగ రోజులలోనే అనుమతిస్తారు. ఆ రోజులు ఏటేటా ముందుగా విచారించుకోవాలి. గుంపు విడిచి పోరాదు. ఎండుటాకులలో నిప్పు రాజేయరాదు. ప్లాస్టిక్ సంచులు తేవద్దని వారు చెప్పేది కూడ న్యాయమే. నిరుడు నాగలూటి మెట్ల పక్కన పడివున్న సీసాల గుట్ట చూచి, పుణ్యం కోసం వచ్చినవారు అడవికి మిగిల్చి పోయినది ఇదా అనిపించినది.

ఒక సందేహం మాత్రం నన్ను వదలలేదు. తల్లి మొక్కు కొడుకు తీర్చవచ్చునా? మా పురోహితులు తీర్చవచ్చునన్నారు. కాని ఎవరి ప్రాణం కోసం మొక్కుకొన్నదో, ఆ కొడుకు ఏమంటాడు? తమ్మునికి ఈ మొక్కుల మీద పెద్దగా నమ్మకం లేదు. నిరుడు నా కాళ్ళకు కట్లు చూచి నవ్వినాడు. ఈ ఏడు తాను హైదరాబాదు నుంచి బస్సులో వచ్చి కొండ మీద కలుసుకొంటానన్నాడు. సరేనన్నాను, బలవంతపెట్టి నడిపించేది యాత్ర అవుతుందా?

మొన్న రాత్రి వాడు ఫోను చేసినాడు. ఇంటి విషయాలు, మనుమని చదువు, ఊరి సంగతులు అన్నీ అయినవి. పెట్టేయబోతూ ఆగి, "అన్నయ్యా, సంచి మూడు కిలోలంటే దుప్పటితో కలిపేనా?" అని అడిగినాడు.